తాడివారిలంకలో అందరూ క్షేమం

నల్లగట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం,
తూర్పు గోదావరి జిల్లా,
5-4-1999.

తాడివారిలంక గ్రామ పెద్దలు సత్తిరాజు గారికి నమస్కారాలు.

నన్ను మీరు ఎరగరు. రెండు నెలల కిందట ఈ ఆసుపత్రికి బదిలీ మీద వచ్చిన హెల్త్ ఎడ్యుకేటర్‌ని. అంటే మందులివ్వను, సూదులు వేయను. జబ్బు పడకుండా ఎలా బతకాలో జనానికి చెప్పడం నా ఉద్యోగం. సొంత ఊరు రాజమండ్రి.

మా ఆసుపత్రి కింద పదకొండు ఊళ్ళున్నాయి. ఏ ఊరి నుంచి ఏ జబ్బుతో ఎంతమంది వస్తున్నారో పట్టిక వేయమని మా డాక్టరు గారు చెబితే, వారం రోజులు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. పది ఊళ్ళకి నేను గీసిన గళ్ళు చాలలేదు. జ్వరాలు, విరేచనాలు, దగ్గులు, షుగర్లు, బీపీలు. మీ ఊరి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. నాలుగు వందల పన్నెండు మంది జనాభా. మూడేళ్ళ రిజిస్టరు. ఒక్క రోగి లేడు. నేనే పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మొదటి పేజీ నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. మూడేళ్ళలో మీ ఊళ్ళో ఒక్కరికి పడిశం కూడా పట్టలేదు.

రిజిస్టరు మూసేసి గోదావరి గట్టు మీదికి వెళ్ళాను. ఇసక అవతల దూరంగా మీ కొబ్బరిచెట్లు కనిపించాయి. వాటి కింద అలాంటి మనుషులు తిరుగుతున్నారు కదా అనుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది, ఆరోగ్యం గురించి వందసార్లు ఉపన్యాసం చెప్పాను, దాన్ని ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు.

అందుకని ఒక్క కోరిక. మీరు ఎన్నింటికి లేస్తారు, ఏం తింటారు, ఏం తాగుతారు, ఎంత నడుస్తారు, దయచేసి వివరంగా రాయండి. మిగతా పది ఊళ్ళకూ చెబుతాను.

విధేయుడు,
ఉదయ్‌కుమార్

తా.క.: మీ ఊరి పిన్‌కోడు మా మండలం లిస్టులో లేదు. పోస్టుమాస్టరు గారు కళ్ళజోడు మార్చి వెతికి, ఎక్కడిదో ఒకటి వేశారు. చేరితే చేరిందని రాయండి.


తాడివారిలంక,
16-4-1999.

మహారాజశ్రీ ఉదయ్‌కుమార్ బాబు గారికి, లంక నుంచి సత్తిరాజు రాసుకున్నది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను.

ఉత్తరం చేరింది. ఖాకీ కవరు చూసి ముందు హడలిపోయాం. లంకకి ఖాకీ కవరు వచ్చిందంటే అది నోటీసే. దాచుకుని చదివితే బాగుండదని, రేవులో నావ కోసం కూర్చున్న వాళ్ళందరి ముందూ చింపి పైకి చదివాను. చదవడం అయ్యిందో లేదో, నా ఈడువాడు గంగయ్య, పొద్దుటి నుంచి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నవాడు, లేచి నిలబడ్డాడు. మేం ఇంత గొప్పవాళ్ళమని మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదండి.

మీరు అడిగారు గనక చెబుతున్నాను. మేం నాలుగింటికల్లా లేస్తాం. వేపపుల్లతో పళ్ళు తోముకుని, లంక ఈ కొస నుంచి ఆ కొసకి చెప్పుల్లేకుండా ఇసకలో నడుస్తాం. వెళ్ళి రావడం మూడు మైళ్ళు. పొద్దున్నే చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. కూరలన్నీ మా మట్టిలో కాసినవే. గోదారి నీళ్ళయినా కాచి చల్లార్చి గాని గొంతులో పోసుకోం. వరద రోజుల్లో కుండకి ఇండుపగింజ అరగదీసి, నీళ్ళు తేరాక మరీ కాస్తాం. అన్నానికి ముందు చేతులు బూడిదతో తోముకోని మనిషి ఈ ఊళ్ళో లేడు. పొద్దు గూకేలోపు భోజనాలు అయిపోతాయి. ఊరగాయ పండగనాడు మాత్రమే. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, లంక పొగాకు పండించే ఊరే గాని మా ఊళ్ళో చుట్ట ముట్టే మగవాడు లేడు.

నా వయసు డెబ్బై ఒకటి. ఇంతవరకూ సూది మందు ఎరగను.

ఒక మనవి. మా లంకకి నర్సు పోస్టు ఉందని, ఆరేళ్ళుగా ఖాళీగా ఉందని విన్నాం. మా కోడలు సుప్రియకి శ్రావణంలో నెలలు నిండుతాయి. అప్పటికి గోదారి పొంగి ఉంటుంది. నర్సమ్మ ఊళ్ళోనే ఉంటే మాకు ధైర్యం. ఇంత మంచి పేరు తెచ్చుకున్న ఊరిని ప్రభుత్వం వారు ఒక కంట చూస్తారని మా ఆశ.

చిత్తగించవలెను,
సత్తిరాజు

తా.క.: మా ఇంటిది పాపాయి ఈ ఉత్తరం చదివించుకుని, కొన్ని రాయమంటోంది. నాలుగింటికి లేచేది కూరగాయల గంపలు మొదటి నావకి ఎక్కించడానికట. మూడు మైళ్ళు నడిచేది చేను ఆ కొసన ఉండబట్టట. పొద్దు గూకేలోపు తినేది లంకలో కరెంటు లేకట. చుట్ట సంగతి తనేమీ అననంది. మా చూరులోకి చూసి ఊరుకుంది.


నల్లగట్టు,
3-5-1999.

పూజ్యులు సత్తిరాజు గారికి శతకోటి నమస్కారాలు.

మీ ఉత్తరం డాక్టరు గారికి చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదవమన్నారు. తర్వాత తన టేబులు మీదున్న సిగరెట్టు పెట్టె తీసి సొరుగులో పెట్టేశారు.

నన్ను ఎక్కువగా కదిలించింది మీ శ్రీమతి గారి తా.క. మేం ఆరోగ్యం కోసమని పార్కులో గుండ్రంగా నడుస్తాం. మీరు చేను కోసం నడుస్తారు, నావ కోసం లేస్తారు, వెలుగున్నప్పుడే తింటారు. ఆరోగ్యాన్ని వేరే పనిగా పెట్టుకోలేదు. చేసే పనిలోనే అది ఉండిపోయింది. ఇది నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మీ అలవాట్లన్నీ కరపత్రంగా అచ్చు వేయించాం. పైన ‘తాడివారిలంక వారి ఆరోగ్య సూత్రాలు’ అని పెద్ద అక్షరాలు, కింద మీ పేరు. పది ఊళ్ళకూ పంచాం. వంద కాపీలు మీకూ పంపుతున్నాను. నేను కూడా మొదలుపెట్టాను. రోజుకు ఆరు టీలు తాగేవాణ్ణి, రెండుకి దిగాను. శనివారం ఇంటికెళితే మా అమ్మ మిరపకాయ బజ్జీలు వేసింది. చీకటి పడింది గనక తినను అంటే నాకు ఏదో అయిందని ఏడ్చింది. ఏదో అయిన మాట నిజమే.

సాయంత్రాలు గట్టు మీద నిలబడి మీ కొబ్బరిచెట్ల వైపు చూస్తే ఎందుకో చేతులు వాటంతటవే కట్టుకుంటున్నాయి.

మీ ఆశ్చర్యంలోంచి ఇంకా తేరుకోని,
ఉదయ్‌కుమార్

తా.క.: నర్సు గురించి మీరు రాసిన హాస్యానికి డాక్టరు గారు కూడా నవ్వారు. మీ ఊళ్ళో ఆవిడకి కొబ్బరిచెట్లు లెక్కపెట్టడం తప్ప పనేముంటుంది అన్నారు.

ఇంకో తా.క.: మీ ఉత్తరం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. గట్టు మీద నుంచి మీ చెట్లు కనిపిస్తుంటే తొమ్మిది రోజులేమిటో. కవరు మీద పశ్చిమ గోదావరి ముద్ర పడింది. పోస్టు వాళ్ళ పరధ్యానం ఇలా ఉంటుంది.


తాడివారిలంక,
14-5-1999.

మహారాజశ్రీ ఉదయ్‌కుమార్ బాబు గారికి సత్తిరాజు రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం అని రాయడం అలవాటు. ఈసారికి అది రాయను. ఇక్కడ మేమందరం అంత క్షేమం కాదు.

నర్సమ్మ సంగతి హాస్యం కాదు బాబూ. నిజంగానే అడిగాను.

కరపత్రాలు అందాయి. అందిన దగ్గర నుంచి నాకు మనశ్శాంతి లేదు. ముందు ఉత్తరం చదివినప్పుడు అందరూ సంతోషించారు గాని, అది చేతిరాత. ఇది అచ్చు. అచ్చులో పడ్డదాన్ని కాదనడానికి మా ఊళ్ళో ఎవరికీ ధైర్యం లేదు. ఆడవాళ్ళు ప్రతి ఇంటి గోడకీ ఒకటి అంటించారు. ఎవరు చుట్ట తీసినా గోడ వైపు వేలు చూపిస్తున్నారు. నీళ్ళు కాచకుండా తాగబోతే చెంబు లాక్కుంటున్నారు. పొయ్యిలో పుల్లలు ఇన్ని ఖర్చవుతున్నాయని గంగయ్య గొణిగితే, వాళ్ళ కోడలు చివరి అక్షరం దాకా చదివి వినిపించింది. బూడిద కోసం ఇంటింటికీ అడుక్కునే రోజులొచ్చాయి.

నా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కింద నా పేరే వేశారాయె. నేను రాసిందంతా నేను చేయకపోతే రేవులో కూర్చోలేను.

కానీ బాబూ, మనిషన్నాక కొద్దో గొప్పో ఉంటాయి. గంగయ్యకి మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళయింది. బుల్లబ్బాయి అనే అతనికి ఆరేళ్ళుగా దగ్గు. నలుగురైదుగురికి షుగరుంది. నాకే బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాను. కిందటిసారి రాయడం మరిచాను. ఎండాకాలం విరేచనాలు మామూలే. కాబట్టి మా ఊళ్ళో నర్సమ్మకి చేతినిండా పని ఉంటుందని డాక్టరు గారికి మనవి చేయండి. శ్రావణం ఎంతో దూరం లేదు.

ఇట్లు,
సత్తిరాజు

తా.క.: బుల్లబ్బాయి పేరు ఎవరికీ చెప్పకండి. మీ కరపత్రం చూసి, ఆరోగ్యవంతుల ఊరని, గట్టు మీది సంబంధం వాళ్ళు అతని కూతుర్ని అడగడానికి వచ్చారు. వాళ్ళు కూర్చున్న రెండు గంటలూ దగ్గు ఆపుకుని, వాళ్ళు ఇసక దిగాక అరగంట దగ్గాడు. పెళ్ళయ్యేదాకా ఇలాగే గడపాలట.

పాపాయి రాయమన్నది: బీపీ మాత్ర ఈయన వేసుకోరు. నేను మజ్జిగలో కలిపి ఇస్తాను.


నల్లగట్టు,
27-5-1999.

ఆరోగ్య మహర్షి సత్తిరాజు గారి పాదాలకు నమస్కరించి,

మీ ఉత్తరం చదివి మొదట నేను కంగారుపడ్డాను. డాక్టరు గారు మాత్రం ఇట్టే కనిపెట్టారు. ఆయనది వ్యవసాయ కుటుంబం. వాళ్ళ నాన్నగారు చేను విరగపండిన ఏడాది, ఎవరైనా అడిగితే అంతా తాలైపోయిందండీ అని తల పట్టుకునేవారట. దిష్టి తగలకూడదు గదా. కరపత్రం పది ఊళ్ళలో పంచేశాం, అందరి కళ్ళూ లంక మీద పడ్డాయి, పెద్దాయన ఊరికి దిష్టిచుక్క పెడుతున్నాడయ్యా అన్నారు. అది విన్నాక మీ ఉత్తరం మళ్ళీ చదివాను. గంగయ్య గారి మోకాళ్ళూ బుల్లబ్బాయి గారి దగ్గూ ఎంత అందంగా పెట్టిన చుక్కలో అర్థమై కళ్ళు చెమర్చాయి. డెబ్బై ఒకటో ఏట మూడు మైళ్ళు నడిచే మనిషి తనకి బీపీ అని రాసుకోవడానికి ఎంత పెద్ద మనసుండాలి.

ఇక మంచి కబురు. మిమ్మల్ని ఆదర్శ ఆరోగ్య గ్రామంగా గుర్తించాలని డాక్టరు గారు జిల్లా ఆఫీసుకు రాస్తున్నారు. అయితే అందుకు ఒక చిన్న తతంగం ఉంది. రోగుల్లేని ఊరి పేరున నర్సు పోస్టు ఉండడం బాగుండదు గనక, దాన్ని జ్వరాలు ఎక్కువగా ఉన్న మరో ఊరికి మారుస్తారు. మీ త్యాగం వల్ల అక్కడ ఎంతమందికి మేలు జరుగుతుందో ఆలోచించండి. దీనితో జతపరిచిన కాగితం మీద ‘మా గ్రామమునకు నర్సు అవసరము లేదు’ అన్న చోట సంతకం పెట్టి, జూన్ ఇరవైలోగా అందేలా పంపండి.

ఆ కాగితం మీద మీ సంతకాన్ని ఫ్రేము కట్టించాలని నా కోరిక. నకలు తీసుకుంటాను.

మీ శిష్యుడిగా చెప్పుకోడానికి అనుమతి కోరుతూ,
ఉదయ్‌కుమార్

తా.క.: నా బరువు ఎనభై నాలుగు నుంచి ఎనభైకి దిగింది. ఇదంతా మీ కొబ్బరిచెట్లు చూస్తూనే జరిగింది. మిమ్మల్ని చూస్తే ఇంకెంత తగ్గుతానో.


తాడివారిలంక,
8-6-1999.

ఉదయ్‌కుమార్ బాబు గారికి సత్తిరాజు రాసేది.

క్షేమ సమాచారాలు కింద రాస్తాను. ముందు ఇది చదవండి. మీరు పంపిన కాగితం సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను.

బాబూ, మా లంక కాగితాల్లో తూర్పు గోదావరి జిల్లాది. ఓట్లూ పట్టాలూ అన్నీ మీ వైపే. కానీ మాకూ మీకూ మధ్య గోదారి పాయ ఇసక మేట వేసి ముప్పై ఏళ్ళయింది. మీ గట్టు చేరాలంటే కాలు దిగబడే ఇసకలో మూడు మైళ్ళు నడవాలి, ఎండలో అయితే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. వరదలొస్తే అదీ లేదు. పడమటి పాయలో మాత్రం ఏడాది పొడుగునా నావ ఉంది, అరగంటలో పశ్చిమ గోదావరి గట్టు చేరతాం. మా సంత అక్కడే, మా పోస్టాఫీసు అక్కడే. మా ఆసుపత్రి కూడా అక్కడే. పోలియో చుక్కలు సైతం వాళ్ళే నావలో వచ్చి వేసి పోతారు. మూడేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళ రిజిస్టరు తీసినా మీ దగ్గర మా పేర్లు ఉండవు. అందుకు కారణం మా ఆరోగ్యం కాదు, ఇసక.

మీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఈ ముక్క నాకు తెలుసు. రాద్దామనే కలం పట్టాను. కానీ ఆ రోజు రేవులో గంగయ్య లేచి నిలబడ్డాడని రాశాను చూడండి, ఆ మొహం గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. పైగా నాకో ఆశ పుట్టింది. బడిలో ఫస్టు వచ్చిన పిల్లాడికి బహుమతి ఇస్తారు గదా, ఆరోగ్యంలో ఫస్టు వచ్చిన ఊరికి నర్సునిస్తారనుకున్నాను. ఎంత ఆరోగ్యంగా ఉంటే నర్సు అంత దూరమైపోతుందని నాకు తట్టలేదు. నీళ్ళు కాచడం అబద్ధం. బూడిద అబద్ధం. ఊరగాయ లేకుండా మా ఊళ్ళో ముద్ద దిగేది కాదు. చుట్ట అన్నిటికన్నా పెద్ద అబద్ధం. యాభై ఏళ్ళుగా రోజుకు ఎనిమిది కాల్చేవాణ్ణి.

రెండేళ్ళ కిందట శ్రావణంలో గంగయ్య కూతురికి నొప్పులొస్తే, పొంగిన గోదారిలో నావ ఎక్కించాం. నడి పాయలోనే కాన్పయింది. తల్లీబిడ్డా దక్కారు. కానీ ఆ రోజు నావ నడిపిన అచ్చిబాబు నెల రోజులు మళ్ళీ తెడ్డు పట్టుకోలేదు. మా సుప్రియది తొలి కాన్పు. మొన్నటి నుంచి ఆ పిల్ల రేవులోకి వెళ్ళి నీళ్ళు ఎంత పెరిగాయో చూసి వస్తోంది.

తప్పంతా నాది. కరపత్రం వెనక్కి తీసుకోండి, నా పేరు కొట్టేయండి, ఊరికి వచ్చిన పేరు పోయినా ఫరవాలేదు. నర్సమ్మను మాత్రం మార్చకండి.

తలవంచుకుని,
సత్తిరాజు

తా.క.: క్షేమ సమాచారాలు. ఇక్కడ మేమందరం నిజానికి క్షేమంగానే ఉన్నాం. అదే నాకు అర్థం కావడం లేదు. ఈ ఎండాకాలం మా వీధిలో ఒక్కరికీ విరేచనాలు పట్టలేదు. ఈ ముక్క మీరు నమ్మకపోయినా నేను తప్పు పట్టను.


నల్లగట్టు,
28-6-1999.

బాబాయి గారికి ఉదయ్‌కుమార్ నమస్కారాలు.

ఈ ఉత్తరం తొమ్మిది రోజులు తిరగకూడదని చేత్తో పంపుతున్నాను. తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, కాస్త మజ్జిగ ఇచ్చి, తర్వాత చదవండి.

మీ ఉత్తరం పదిహేడో తేదీన అందింది. అందులో ఉన్న విషయం నాకు అప్పటికి పన్నెండు రోజులుగా తెలుసు. మే నెలాఖరున కాగితం పంపాక ఉండబట్టలేకపోయాను. సంతకం పెడుతుండగా మిమ్మల్ని ఒక్కసారి చూడాలనిపించి, జూన్ అయిదో తేదీ శనివారం తెల్లవారగానే ఇసకలో దిగాను. ఊళ్ళవాళ్ళకి నడక గురించి ఉపన్యాసాలు చెప్పే నేను ఆ మూడు మైళ్ళలో ఏడుసార్లు కూర్చున్నాను. అయిదోసారి కూర్చున్నప్పుడు, ఇసక వారనున్న చేలోంచి నెత్తిన వంకాయల గంపతో ఒక పెద్దావిడ నన్ను దాటి లంక వైపు వెళ్ళిపోయారు. ఏడోసారి కూర్చునేసరికి గంప దించి చెంబుతో మజ్జిగ పట్టుకుని వెనక్కి వచ్చారు. ఏ ఊరి ఆసుపత్రికి వెళుతున్నారు బాబూ అని అడిగారు. ఆవిడే పాపాయి గారు.

మీరు ఆ రోజు బుల్లబ్బాయి గారి దగ్గు చూపించడానికి అవతలి గట్టుకి వెళ్ళారట. పాపాయి గారు నాకు అంతా చెప్పేశారు. ఇసక సంగతి, నావ సంగతి, పడమటి ఆసుపత్రి సంగతి. రిజిస్టరులో సున్నా చూసి ఊరిని ఊహించుకున్నానే గాని, మూడు మైళ్ళు నడిచి ఊరిని చూడాలని నాకు రెండు నెలలు తోచలేదు. మీది ఒక అబద్ధమైతే నాది అంతకన్నా పెద్ద తప్పు. ఆ మాటే ఆవిడతో అన్నాను. మీకు ఉత్తరం రాస్తానన్నాను.

ఆవిడ వద్దన్నారు. “మీరొచ్చినట్టు ఆయనకి చెప్పను బాబూ. రాసిన అబద్ధం ఎక్కువ రోజులు మొయ్యలేడాయన. తనే రాస్తాడు, చూడండి.”

తర్వాత స్టూలు వేసుకుని చూరులోంచి ఒక కట్ట తీసి చూపించారు. చుట్టలు. దారం కూడా విప్పలేదు, సాలెగూడు పట్టి ఉంది. ఏప్రిల్ పదహారున నాకు ఉత్తరం రాసి, కవరు అంటించి, ఆ కట్ట అక్కడే వదిలేశారట. ఇన్నాళ్ళూ మళ్ళీ చెయ్యి పెట్టలేదట. ఎందుకని అడిగితే, కాగితం మీద రాసి పంపేశాను గదే, ఇప్పుడు కాలిస్తే అబద్ధమైపోతుంది అన్నారట మీరు. బాబాయి గారూ, నేను చదివిన చదువులో పొగ మాన్పించడానికి పద్నాలుగు పద్ధతులు చెప్పారు. ఇది అందులో లేదు.

మధ్యాహ్నం నావలో పడమటి గట్టుకి వెళ్ళాను. నడి పాయలో మీ నావ ఎదురొచ్చింది. అంచున కూర్చుని వేపపుల్ల నములుతున్న పెద్దాయనే సత్తిరాజు గారని మా నావవాడు చూపించాడు. లేచి చేతులు జోడించాను. నావ ఊగింది. మీరు నా వైపు చూసి, కూర్చోవయ్యా పడిపోతావ్ అన్నారు. మీరు నాతో స్వయంగా అన్న మాట ఇంతవరకూ అదొక్కటే.

పడమటి ఆసుపత్రిలో రిజిస్టరు చూపించమని బతిమాలుకున్నాను. తాడివారిలంక నుంచి ఫిబ్రవరిలో ముప్పై ఒక్క మంది రోగులు. మార్చిలో ముప్పై నాలుగు. ఏప్రిల్లో ఇరవై అయిదు. మేలో పదమూడు. మిగతా ఊళ్ళన్నిటికీ మే నెలలో రోగులు పెరిగారు, మీ ఊరికి దాదాపు సగానికి తగ్గారు. అక్కడి కాంపౌండరు గారు నన్ను పక్కకి పిలిచి, లంకవాళ్ళు మా మీద ఏమైనా అలిగారా అండీ అని అడిగారు.

మొదటిసారి మీ ఊరి సున్నా చూసి నేను ఆశ్చర్యపోయాను. అది ఏమీ లేని చోట పుట్టిన ఆశ్చర్యం. ఈ పదమూడు చూసినప్పుడు కలిగింది అసలైనది. గొప్పవాళ్ళని ఎవరో పొరపాటున అంటే, ఆ పొరపాటుకి తగ్గట్టు బతకాలని నాలుగు వందల పన్నెండు మంది నీళ్ళు కాచుకున్నారు. బూడిదతో చేతులు తోముకున్నారు. మీరు చుట్ట మానేశారు. కరపత్రం వెనక్కి తీసుకోమన్నారు గాని, అందులో ఇప్పుడు కొట్టేయడానికి ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. ఊరగాయ సంగతి మాత్రం పాపాయి గారిని అడిగి ఖాయం చేసుకుంటాను.

ఆ అంకెలు డాక్టరు గారి ముందు పెట్టాను, మీ ఉత్తరం వచ్చాక దాన్నీ పెట్టాను. గంగయ్య గారి కూతురి కాన్పు సంగతి చదివి ఆయన కళ్ళజోడు తీసేశారు. రోగులుంటేనే నర్సని ఎవరు పెట్టారయ్యా ఈ రూలు, రోగాలు లేకుండా చూసుకుంటున్న వాళ్ళకి తోడు ఉండొద్దా అన్నారు. పెట్టింది ఆయనే. నేను గుర్తు చేయలేదు. పోస్టు మార్చమని రాసిన కాగితాన్ని వెనక్కి తెప్పించడానికి మర్నాడే బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్ళారు, ఆరేళ్ళ ఖాళీ సంగతి కూడా తేల్చుకునే తిరిగొచ్చారు.

మీ వాడు,
ఉదయ్‌కుమార్

తా.క.: మా రిజిస్టరులో మీ ఊరి గడి ఇక ఖాళీగా లేదు. మొదటి పేరు నేనే రాశాను. సత్తిరాజు గారు, వయసు 71, బాధ: చుట్ట మానినందువల్ల చిరాకు. చికిత్స అన్నచోట ‘పాపాయి గారు’ అని రాస్తే డాక్టరు గారు సంతకం పెట్టేశారు.

ఇంకో తా.క.: గోదారికి ఎర్రనీరు బయలుదేరిందని విన్నాం. ఇసక మునగకముందే చేరాలని ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని తెల్లవారుజామునే పంపాను. మజ్జిగ తాగడం అయితే, ఆవిడ భుజాన ఉన్న సంచి దింపించి సుప్రియ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆవిడ పేరు సత్యశ్రీ. మీ ఊరి నర్సు. ఇక వెనక్కి రారు.